పాత జీను ఆన్‌లైన్‌లో కొంటున్నారా? మోసాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి హైదరాబాద్‌లో గుర్రపు స్వారీ మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో మూడు జీనులు (గుర్రం వీపు మీద వేసే సీటు, సాడిల్), రెండు జతల లాంగ్ బూట్లు, లెక్కలేనన్ని కళ్లేలు, పగ్గాలు సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాం. ఒకసారి నిండా మునిగాను. ఇంకోసారి అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఆదివారం పొద్దున పిల్లల్ని గుర్రమెక్కించి చెట్టుకింద కూర్చునే అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను.

గుర్రపు సామాను కొనేవాళ్లే ఎంతమంది? ఇంత చిన్న మార్కెట్‌లో కూడా మోసాలుంటాయా?

చిన్న మార్కెట్ కాబట్టే ఉంటాయి. ఫోనో బైకో అయితే నాలుగు షాపులు తిరిగి చూసుకుంటాం, తెలిసినవాడు ఒకడైనా దొరుకుతాడు. జీను అలా కాదు. మన ఊళ్లలో గుర్రపు సామాను అమ్మే దుకాణాలే అరుదు. విదేశీ బ్రాండ్ కొత్త జీను ధర లక్షల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌వి పుణేలోనో బెంగళూరులోనో జైపూర్‌లోనో ఉంటాయి. అంటే చూడకుండా కొనడం, ముందే డబ్బు పంపడం, కొరియర్‌లో తెప్పించుకోవడం ఇక్కడ మామూలు సంగతి. దొంగకు కావలసింది కూడా సరిగ్గా అదే.

పైగా కొనేది చాలాసార్లు గుర్రమెక్కే పిల్లలు కాదు, వాళ్ల అమ్మానాన్నలు. మనకు సామాను గురించి తెలిసింది తక్కువ. కానీ ఒక్క సంగతి మనకు కలిసొస్తుంది. యాడ్ పెట్టిన దొంగకు మనకన్నా తక్కువ తెలుసు. నిన్న ఫ్రిజ్ అమ్మినవాడే ఈరోజు జీను అమ్ముతున్నాడు, రేపు కెమెరా అమ్ముతాడు. వాడి చేతిలో ఉన్నది ఒక ఫొటో మాత్రమే. జీను చేతిలో ఉన్నవాడు మాత్రమే చెప్పగలిగే సంగతులు అడగడం మొదలుపెడితే వాడు ఎంతోసేపు నిలబడలేడు.

యాడ్ చూడగానే ఏం గమనించాలి?

ముందుగా వివరాలు. నిజంగా అమ్మేవాళ్లు సీటు సైజు, వెడల్పు, ఎన్నేళ్లు వాడారు, ఎక్కడ గీత పడింది, కాళ్లు పెట్టుకునే రికాబులు కలిపి ఇస్తున్నారా లేదా అన్నీ రాస్తారు. దొంగ యాడ్‌లో 'హార్స్ సాడిల్, గుడ్ కండిషన్, అర్జెంట్ సేల్' అని ఉండి, కింద ఫోన్ నంబర్ ఉంటుంది. లేదంటే విదేశీ షాపు వెబ్‌సైట్‌లోంచి ఎత్తుకొచ్చిన వర్ణన పేజీడు ఉంటుంది, చివర్లో 'ఫ్రీ రిటర్న్స్' అన్న మాటతో సహా. సెకండ్ హ్యాండ్ యాడ్‌లో ఫ్రీ రిటర్న్స్ ఏమిటి!

ఆ తర్వాత ప్రొఫైల్ తెరిచి చూడండి. మొన్ననే తెరిచిన అకౌంట్, మిత్రులెవరూ లేరు, అదే మనిషి అదే వారంలో నాలుగు ఊళ్ల నుంచి నాలుగు రకాల వస్తువులు అమ్ముతున్నాడు అంటే అక్కడితో వదిలేయండి. పాత అకౌంట్ అయితే మంచిదేనన్న భరోసా మాత్రం లేదు. హ్యాక్ చేసిన అకౌంట్లతో కూడా యాడ్‌లు పెడుతున్నారు.

ధర ఎంత తక్కువైతే అనుమానించాలి?

దీనికి లెక్క చెప్పడం కష్టం, ఎందుకంటే ఇక్కడ ధరలు ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాలో ఉంటాయి. కాన్పూర్‌లో చేసిన తోలు జీను కొత్తదే కొన్ని వేలల్లో దొరుకుతుంది. ఆ ఊరు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి సైన్యానికి జీనులు కుట్టిన ఊరు. 'కాన్పూర్ సాడిలరీ'కి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న గుర్తింపు కూడా ఉంది. మరోవైపు సీడబ్ల్యూడీ లాంటి ఫ్రెంచ్ బ్రాండ్ జీను కొత్తది నాలుగైదు లక్షలకు పైమాటే.

అందుకని ధర ఒక్కటే చూడకండి, ధర వెనక కథ చూడండి. నాలుగైదు లక్షల ఫ్రెంచ్ జీను ముప్ఫై వేలకు ఎందుకిస్తున్నాడు? విదేశీ జీనులకు మంచి గిరాకీ ఉంది, క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా పోతుంది. అలాంటిది ముక్కూమొహం తెలియని మీకోసం పదో వంతు కూడా లేని ధరకు అట్టిపెట్టాడంటే ఆ జీను అసలు లేదు. కాన్పూర్ సరుకు మీద జర్మన్ బ్రాండ్ ముద్ర కొట్టి మధ్యస్థమైన ధరకు అమ్మే రకం ఇంకొకటుంది. దాని సంగతి కింద చెప్తాను.

ఫొటోలు దొంగిలించినవని ఎలా తెలుస్తుంది?

ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేయండి. అర నిమిషం పని. అదే ఫొటో ఇంగ్లండ్‌లో రెండేళ్ల కిందటి యాడ్‌లో కనిపిస్తే కథ అక్కడే ముగుస్తుంది. కనిపించకపోయినంత మాత్రాన నిజమైనది అనుకోకండి. మూసి ఉన్న గ్రూపుల్లోంచి ఎత్తుకొచ్చిన ఫొటోలు, కొద్దిగా కత్తిరించి కుడి ఎడమ తిప్పేసిన ఫొటోలు వెతుకులాటకు దొరక్కపోవచ్చు.

తిప్పేసిన ఫొటోని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది: అక్షరాలు చూడండి. బ్రాండ్ ముద్ర తిరగబడి ఉంటుంది. వెనకాల కనిపించేవాటినీ చూడండి. మేడ్చల్ అని చెప్పిన ఇంట్లో గోడకు హీటర్ రేడియేటర్ ఉందంటే అది మేడ్చల్ కాదు. ఎలక్ట్రిక్ ప్లగ్గు ఆకారం కూడా దేశాన్ని పట్టిస్తుంది.

మరి అమ్మేవాణ్ని ఏం అడగాలి?

ఓపిక ఉన్నవాళ్లు మిగతావన్నీ వదిలేసినా ఈ జవాబు ఒక్కటి పూర్తిగా చదవండి.

మొదట, కొత్త ఫొటోలు అడగండి. అందంగా పక్కనుంచి తీసినవి కాదు. జీనుని తలకిందులుగా పెట్టి అడుగు భాగం, రెండు ప్యానెళ్ల (గుర్రం వీపుకు ఆనే మెత్తల) మధ్య ఖాళీ కనిపించేలా ఒకటి. ఫ్లాప్ (కాలి కింద పక్కకు వేలాడే రెక్క) ఎత్తి గర్త్ పట్టీల రంధ్రాలు కనిపించేలా ఒకటి. గర్త్ అంటే గుర్రం కడుపు కింద బిగించే పట్టీ, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సీరియల్ నంబర్, సైజు ముద్ర ఉన్నచోట ఒకటి. ప్రతి ఫొటోలోనూ ఒక చీటీ మీద మీ పేరు, ఆరోజు తేదీ రాసి పెట్టమనండి. జీను ఇంట్లో ఉన్నవాడికి ఇది ఐదు నిమిషాల పని. లేనివాడు మాత్రం 'సార్, నేను ఇప్పుడు డ్యూటీలో ఉన్నా', 'జీను ప్యాక్ చేసేశాం', 'నమ్మకం లేకపోతే వదిలేయండి' అంటాడు. ఈ చివరి మాట వినపడగానే నిజంగానే వదిలేయండి.

తర్వాత, మాటల్లో పెట్టండి. సీటు ఎంత? ఇంగ్లిష్ జీనుల సీటు అంగుళాల్లో, అర అంగుళం తేడాతో ఉంటుంది: పదహారున్నర, పదిహేడు, పదిహేడున్నర ఇలా. ముందు పక్కనున్న చిన్న బొడిపె నుంచి వెనక ఎత్తు మధ్యదాకా టేపు పెట్టి కొలుస్తారు. టేపు పెట్టిన ఫొటో పంపమనండి. 'మీడియం సైజ్ సార్' అన్నాడంటే వాడు చొక్కా అమ్ముతున్నానని అనుకుంటున్నాడు.

వింటెక్ జీను అయితే ఇంకా సులువు. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తరచూ కనిపించే ఆస్ట్రేలియన్ బ్రాండ్ ఇది, తోలు కాదు, సింథటిక్. చాలా మోడళ్లలో గుర్రం మూపు వెడల్పును బట్టి మార్చుకునే ఇనుప ప్లేటు ఉంటుంది, దాన్ని గల్లెట్ అంటారు. రంగును బట్టి సైజు: పసుపు ఇరుకు, ఆకుపచ్చ కాస్త ఇరుకు, నలుపు మధ్యస్థం, నీలం కాస్త వెడల్పు, ఎరుపు వెడల్పు, తెలుపు ఇంకా వెడల్పు. 'ఇప్పుడు లోపల ఏ రంగు ప్లేటు ఉంది?' అని అడగండి. వాడినవాళ్లు చూసి చెప్తారు. దొంగ 'బ్లాక్ సార్, జీను మొత్తం బ్లాకే' అంటాడు. నలుపు ప్లేటు ఉండొచ్చు కూడా, కాబట్టి ఆ మాట ఎందుకన్నాడో గమనించండి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది తప్పుడు ప్రశ్న. లేనిది ఉందా అని అడగాలి. సింథటిక్ జీను అమ్ముతున్నవాణ్ని 'తోలుకు ఏ నూనె రాస్తున్నారండీ?' అని అడగండి. అది తోలు కాదని నిజమైన యజమాని నవ్వి చెప్తాడు. దొంగ 'కొబ్బరి నూనె సార్, రెగ్యులర్‌గా' అంటాడు. నేను ఇది నిజంగా విన్నాను. అలాగే, డ్రెసాజ్ (గుర్రంతో లయగా అడుగులు వేయించే స్వారీ) జీనుకు ఫ్లాప్ నిటారుగా, పొడుగ్గా ఉంటుంది. జంపింగ్ జీనుకు ముందుకు వంగి ఉంటుంది. డ్రెసాజ్ జీను యాడ్ పెట్టినవాణ్ని 'ఫ్లాప్ బాగా ముందుకే ఉందిగా, పెద్ద జంపులకు సరిపోతుందా?' అని అడిగితే, 'సూపర్‌గా సరిపోతుంది సార్' అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టేయండి.

ఇంకొకటి, ఎందుకు అమ్ముతున్నారు, ఏ గుర్రం మీద వాడారు అని కదపండి. గుర్రాలవాళ్లు మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. గుర్రం పేరు, దాని అలకలు, మూపు దగ్గర పుండు పడటం, పిల్ల పొడుగు పెరిగిపోవడం, అన్నీ చెప్పేస్తారు. 'పర్సనల్ రీజన్స్' అన్న రెండు ముక్కలతో సరిపెట్టినవాళ్లెవరూ నాకింతవరకు అసలైన అమ్మకందారుగా తేలలేదు.

వీడియో కాల్‌లో జీను చూపించాడు. ఇంక నమ్మొచ్చా?

సగం నమ్మండి. కాల్‌లో మీరు చెప్పినట్టు చేయించండి: ఫ్లాప్ ఎత్తమనండి, గర్త్ పట్టీ లాగమనండి, మొహం కూడా చూపించమనండి. రికార్డ్ చేసిన వీడియోని కాల్‌లా ఆడించేవాళ్లు మీరడిగింది చేయలేరు, 'నెట్ సరిగా లేదు' అని కట్ చేస్తారు. చూపించింది నిజమైన జీనే అయినా, అదే జీనుని పదిమందికి చూపించి పదిమంది దగ్గరా అడ్వాన్స్ తీసుకునే అవకాశం ఉండనే ఉంది. అందుకే ఆ ఊళ్లో తెలిసినవాళ్లెవరైనా వెళ్లి చూసొచ్చే మార్గం వెతకండి. మీ కోచ్‌ని అడగండి. దేశంలో రైడింగ్ చేసేవాళ్ల ప్రపంచం చాలా చిన్నది. ఏ ఊరి క్లబ్బులో అయినా కోచ్‌కు ఒక శిష్యుడో, పాత సహోద్యోగో ఉంటాడు.

ఆర్మీ ఆఫీసర్‌నని చెప్తున్నాడు. ఐడీ కార్డు, యూనిఫామ్‌లో ఫొటో కూడా పంపాడు. ఆర్మీవాళ్లు మోసం చేస్తారా?

చేయరు. చేసేది ఆర్మీవాడి వేషం కట్టినవాడు. క్లాసిఫైడ్ మోసాల్లో ఇది బాగా పాత నాటకం, బైకుల నుంచి సోఫాల దాకా అన్నిటికీ ఆడతారు. గుర్రపు సామాను దగ్గరికొచ్చేసరికి ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే సైన్యానికి నిజంగానే గుర్రాలున్నాయి. జైపూర్‌లో 61వ కావల్రీ అనే గుర్రపు దళం ఉంది, గుర్రాలను పెంచి చూసుకోవడానికి రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ అని ప్రత్యేక విభాగమే ఉంది. మన శివరాంపల్లి నేషనల్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలకు గుర్రపు స్వారీ శిక్షణలో భాగం. 'పోస్టింగ్ మారింది, జీను మోసుకెళ్లలేను, తక్కువకే ఇచ్చేస్తా' అంటే ఎవరికైనా సహజంగానే అనిపిస్తుంది.

నాటకంలో తర్వాతి అంకం ఇలా ఉంటుంది. 'మీరు రానక్కర్లేదు, మా ఆర్మీ బండిలో పంపిస్తాను. గేట్ పాస్‌కు రెండు వేలు కట్టండి, అది రీఫండబుల్.' తర్వాత జీపీఎస్ చార్జీ, తర్వాత ఇన్సూరెన్స్. ప్రతిదీ రీఫండబులే! కార్డు, యూనిఫామ్ ఫొటో ఎవరివో నిజమైన సైనికుడివి, ఇంతకుముందు ఇలాగే ఎక్కడో కాజేసినవి. అసలు నన్నడిగితే, అడక్కుండానే ఐడీ కార్డు పంపినవాణ్ని అందుకే అనుమానించాలి. మీరు మీ పాత సైకిల్ అమ్మినప్పుడు ఎవరికైనా ఆధార్ పంపారా?

'డిపార్ట్‌మెంట్ సామాను, వేలంలో వచ్చింది' అనే రకం కూడా ఉంది. ప్రభుత్వ సామాను వేలాలు ఎంఎస్‌టీసీ, జెమ్ లాంటి అధికారిక పోర్టళ్లలో జరుగుతాయి. ఎవరో ఒక హవల్దార్ సొంత ఫోన్‌పే నంబర్‌లో జరగవు.

టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకెళ్లిపోతారేమో?

నేను మునిగింది ఈ టెన్షన్‌తోనే. జర్మన్ జీను, పదిహేడు అంగుళాలు, సరిగ్గా మా అమ్మాయికి కావలసింది. 'ఇంకో ఇద్దరు లైన్‌లో ఉన్నారు, మూడు వేలు టోకెన్ వేస్తే మీకే' అన్నాడు. వేశాను. మర్నాడు ప్యాకింగు, ఇన్సూరెన్సు అని నాలుగున్నర వేలు. ఆ మర్నాడు కొరియర్ కంపెనీ పేరుతో ఎవరో ఫోన్ చేసి, జీఎస్టీ డిపాజిట్ ఏడు వేల రెండు వందలు, పార్సిల్ అందగానే వెనక్కొస్తుందన్నాడు. అది కూడా కట్టాను. మొత్తం పద్నాలుగు వేల ఏడు వందలు. మూడో చెల్లింపు నాటికి నాకు లోపల తెలిసిపోయింది. కానీ మొదటి రెండూ పోతాయన్న భయంతో మూడోది కట్టాను. మోసం మొత్తం నడిచేది ఆ భయం మీదే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మనిషినో వస్తువునో నేనో నా తరఫువాళ్లో చూడకముందు రూపాయి పంపను. తెలిసిన కోచ్ హామీ ఉంటే తప్ప. మంచి బేరం చేజారితే చేజారనీ. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు, పోయిన జీనే అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది, రెండు నెలల్లో ఇంకొకటి వస్తుంది.

క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే మన డబ్బు వెనక్కొస్తుందట, నిజమేనా?

కాదు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, లింక్ నొక్కక్కర్లేదు.

వ్యక్తుల మధ్య 'కలెక్ట్ రిక్వెస్ట్' (డబ్బు పంపమని యాప్‌లో అడిగే అభ్యర్థన) పంపే సౌకర్యాన్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది కాబట్టి ఆ దారి కొంత మూసుకుంది. క్యూఆర్ దారి తెరిచే ఉంది. ఇంకో మార్పు మనకు బాగా పనికొస్తుంది: డబ్బు పంపే ముందు తెరమీద కనిపించే పేరు ఇప్పుడు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే. మేజర్ ఫలానా అని మాట్లాడినవాడి యూపీఐకి వేరెవరి పేరో వస్తే అక్కడే ఆగండి. 'మా మేనేజర్ అకౌంట్', 'మా బావమరిది నంబర్' అన్న వివరణలు వినొద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక షాపు పేజీ ఉంది, వేల మంది ఫాలోయర్లు. క్లియరెన్స్ సేల్ అంటున్నారు.

ఫాలోయర్లను కొనుక్కోవచ్చు. జీఎస్టీ నంబర్ అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో 'సెర్చ్ టాక్స్‌పేయర్' దగ్గర కొడితే ఆ నంబర్ ఎవరి పేరున ఉంది, ఏ ఊరు, ఇంకా నడుస్తోందా లేదా అన్నీ కనిపిస్తాయి. నంబర్ నిజమైనదే అయినా అది కాన్పూర్‌లో ఒక చెప్పుల కంపెనీది కావొచ్చు, కాబట్టి పేరు, చిరునామా కలిపి చూడండి. మ్యాపులో ఆ చిరునామాకు ఉన్న వేరే ఫోన్ నంబర్ దొరికితే దానికి కాల్ చేసి అడగండి.

విదేశీ బ్రాండ్ల పేరుతో 'షాపు మూసేస్తున్నాం, 80 శాతం తగ్గింపు' అంటూ వచ్చే వెబ్‌సైట్లు వేరే కోవ. ఆ డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూయిజ్ సైట్లలో ఉచితంగా చూడొచ్చు. '40 ఏళ్ల కుటుంబ వ్యాపారం' డొమైన్ వయసు మూడు వారాలైతే ఇంక చెప్పేదేముంది.

'పదిహేడు అంగుళాల జంపింగ్ జీను కావాలి' అని గ్రూపులో పోస్ట్ పెట్టాను. గంటలో ఆరుగురు మెసేజ్ చేశారు!

ఆరుగురూ దొంగలు కావొచ్చు. 'కావాలి' అన్న పోస్టుల కోసమే కాచుకుని ఉంటారు, మీకేం కావాలో మీరే చెప్పేశారు కదా. సాధారణంగా వాడు సొంతంగా అమ్మనంటాడు: 'మా ఫ్రెండ్ దగ్గర ఉంది, ఈ ప్రొఫైల్‌కు మెసేజ్ చేయండి' అని కామెంట్ పెడతాడు. కింద ఇంకొకరు 'నేను కూడా వాళ్ల దగ్గరే కొన్నాను, చాలా మంచివాళ్లు' అంటారు. ముగ్గురూ ఒకడే.

అలాంటి పోస్టులో ఒక చిన్న వివరం కావాలని దాచిపెట్టండి. ఉదాహరణకు వెడల్పు రాయకండి. మెసేజ్ చేసినవాళ్లు ఆ వెడల్పు వాళ్లంతట వాళ్లు అడిగితే, అసలు గుర్రం గురించి అడిగితే, మాట్లాడదగ్గ మనుషులు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడా ఇవే మోసాలా?

నాటకం అదే, వేషాలు వేరు. అక్కడ యూపీఐ బదులు జెల్ ఉంటుంది. జెల్‌లో పంపింది నగదు చేతిలో పెట్టినట్టే, తెలిసినవాళ్లకు మాత్రమే వాడమని వాళ్లే చెప్తారు. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపితే కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. 'గూడ్స్ అండ్ సర్వీసెస్' కింద పంపితే ఉంటుంది. 'దానికయ్యే కాస్త ఫీజు నేను కడతాను, గూడ్స్ కిందే పంపుతాను' అని చెప్పి చూడండి. ఆ మాటతో సగంమంది మాయమవుతారు. మోసపోతే ఎఫ్‌బీఐ నడిపే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లోనూ, వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీకీ ఫిర్యాదు చేయొచ్చు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు 159కి కాల్ చేస్తే సొంత బ్యాంకు మోసాల విభాగానికి కలుపుతారు.

విదేశంలో కొన్న జీను ఎయిర్‌పోర్టులో ఆగిందని కస్టమ్స్ నుంచి ఫోన్ వచ్చింది.

కస్టమ్స్ సుంకం ఉండటం నిజం, అది పర్సనల్ యూపీఐకి కట్టమనడం అబద్ధం. సుంకం ఉంటే కొరియర్ కంపెనీ బిల్లుతో సహా చెప్తుంది. మీ ట్రాకింగ్ నంబర్‌ని కంపెనీ సొంత సైట్‌లో మీరే టైప్ చేసి చూసుకోండి, పంపిన లింకులో కాదు. కస్టమ్స్ పంపే అధికారిక పత్రాల మీద సాధారణంగా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది అసలుదో కాదో కస్టమ్స్‌ను చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అరెస్టు చేస్తాం అన్న మాట వస్తే ఫోన్ పెట్టేయండి.

హెల్మెట్ సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?

వద్దు. అమ్మేవాడు ఎంత మంచివాడైనా వద్దు. ఒకసారి గట్టిగా కింద పడిన హెల్మెట్ లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, పైకి ఏమీ కనిపించదు. ఎండలో కారులో వదిలేసినా పాడవుతుంది. కొత్తది కొనండి, లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163, పీఏఎస్ 015, వీజీ1 లాంటి ప్రమాణాల లేబుల్ ఉందో లేదో చూడండి. డబ్బు మిగుల్చుకోవాలంటే బూట్లలో, పగ్గాల్లో మిగుల్చుకోండి.

జీను చేతికొచ్చింది. అసలుదో, బాగుందో ఎలా చూడాలి?

పార్సిల్ విప్పడం మొదటి నుంచి చివరిదాకా ఒకే వీడియోగా తీయండి, బరువు రాసిన లేబుల్ కనిపించేలా. పెట్టెలో ఇటుకలు వస్తే పోలీసులకూ కొరియర్‌కూ చూపించడానికి అదే ఆధారం.

ఆ తర్వాత ట్రీ, అంటే జీను లోపలి చట్రం. జీను విలువంతా దాంట్లోనే ఉంటుంది. ముందు భాగాన్ని తొడకు ఆనించి, వెనక ఎత్తుని రెండు చేతులతో మీవైపు లాగండి. స్ప్రింగ్ ట్రీ అయితే కొద్దిగా వంగి వెనక్కెళుతుంది. కిర్రుమన్నా, సీటు మధ్యలో ముడత పడి మడిచినట్టు వంగినా ట్రీ విరిగింది. ముందు భాగం రెండు పక్కలా పట్టుకుని లోపలికి, బయటికి నొక్కండి, అక్కడ అసలు కదలకూడదు. విరిగిన ట్రీ ఉన్న జీను గుర్రం వీపుకు ముల్లు గుచ్చినట్టే.

గర్త్ పట్టీలు మడిచి చూడండి. తోలు మీద చిన్న చిన్న బీటలు వస్తే ఎండిపోయింది. రంధ్రాలు గుండ్రం పోయి కోలగా సాగితే పట్టీలు మార్పించాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి. మన వానాకాలంలో మూలన పడేసిన జీనుకు బూజు వాసన వస్తుంది. పైన బూజైతే తుడిస్తే పోతుంది, కుట్లు కుళ్లితే పోదు.

నకిలీ ముద్రల సంగతి చెప్తానన్నాను కదా. జర్మన్, ఫ్రెంచ్ కంపెనీల జీనుల మీద సీరియల్ నంబర్ ఉంటుంది, ఎక్కడ ఉంటుందనేది కంపెనీని బట్టి మారుతుంది. ఆ నంబర్‌తో కంపెనీకి మెయిల్ పెడితే మోడల్, తయారైన సంవత్సరం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కొనకముందే పెట్టాల్సిన మెయిల్ ఇది. కాన్పూర్ జీను కాన్పూర్ పేరుతో అమ్మితే నాకు అభ్యంతరమే లేదు, మంచి పనివాళ్లున్న ఊరు. జర్మన్ ధర అడగడమే అన్యాయం.

జీను నిజమైనదే, ధర తక్కువ, కానీ కాగితాలేవీ లేవు. దొంగ సామాను అయితే?

క్లబ్బుల సామాను గదుల్లోంచి జీనులు మాయం కావడం జరుగుతూనే ఉంటుంది. దొంగ సొత్తని తెలిసీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. పాత బిల్లు లేకపోయినా పర్వాలేదు, చాలామంది దగ్గర ఉండదు. అమ్మినవాళ్ల పేరు, ఫోన్, సీరియల్ నంబర్, ధరతో ఒక రసీదు రాయించుకోండి. సంతకం పెట్టడానికి వెనకాడితే మీరూ వెనకాడండి. జీను మీద పేరో నంబరో గీకేసిన గుర్తులుంటే ముట్టుకోకండి.

మోసపోయాను. ఇప్పుడేం చేయాలి?

ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి దూకుతూ ఉంటుంది, మీరు ఎంత తొందరగా చెప్తే అంత దగ్గరలో ఆపగలుగుతారు. మొదటి గంట అందుకే అంత ముఖ్యం. ఆ వెంటనే మీ బ్యాంకుకు చెప్పండి. ఆపైన జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

దగ్గర పెట్టుకోవలసినవి: ప్రతి యూపీఐ చెల్లింపు తాలూకు పన్నెండంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబర్, వాడి యూపీఐ ఐడీ, ఫోన్ నంబర్లు, యాడ్ స్క్రీన్‌షాట్, మొత్తం చాట్. కోపంతో వాణ్ని తిట్టి బ్లాక్ చేసేముందు చాట్ సేవ్ చేయండి. నేను ముందు తిట్టాను. వాడు మెసేజ్‌లన్నీ తుడిచేశాడు.

మూడు వేలే కదా అని వదిలేయకండి. అదే నంబర్ మీద ఇంకో ముప్ఫై ఫిర్యాదులు ఉండొచ్చు, మీది కలిస్తే కేసు బలపడుతుంది. వేరే మనిషి వేషంతో కంప్యూటర్ ద్వారా మోసగించడానికి ఐటీ చట్టంలో 66డి సెక్షన్, మోసానికి న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉన్నాయి. అన్నట్టు, ఆ పోర్టల్‌లోనే అనుమానిత ఫోన్ నంబర్లు, యూపీఐ ఐడీలు వెతికి చూసే సౌకర్యం ఉంది. డబ్బు పంపే ముందే ఒకసారి వాడి నంబర్ కొట్టి చూస్తే ఈ అవస్థే ఉండదు.

డబ్బు తిరిగొస్తుందా?

దారిలో ఎక్కడైనా అకౌంట్‌ను ఫ్రీజ్ చేయగలిగితే ఆశ ఉంది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో అలా ఆపిన డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తోంది. నాకు మాత్రం రాలేదు. నేను ఫిర్యాదు చేసేసరికి నాలుగు రోజులైంది, సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పలేదు.

'మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, చిన్న ఫీజు' అంటూ ఆ తర్వాత ఫోన్లు వస్తాయి. అది అదే మోసానికి రెండో భాగం.

నా దగ్గరున్న పాత జీను అమ్మాలి. అమ్మేవాళ్లకు కూడా ప్రమాదమా?

ఉంది. మీ యాడ్ చూసి బేరమే ఆడకుండా, చూడటానికి రాకుండా, 'ఓకే సార్, పేమెంట్ పంపుతున్నా' అనేవాడు కొనడానికి రాలేదు. పొరపాటున ఎక్కువ పంపానంటూ తప్పుడు బ్యాంకు మెసేజ్ చూపించి మిగిలింది వెనక్కి అడుగుతాడు. మెసేజ్ నమ్మకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. ఏదైనా ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే నొక్కకండి, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమంటే వేసుకోకండి.

సీరియల్ నంబర్‌లో చివరి రెండంకెలు యాడ్ ఫొటోలో వేలితో మూసి తీయండి, అడిగిన మనిషికి ఆ రెండూ విడిగా చెప్పొచ్చు. తేదీ, మీ పేరు ఉన్న చీటీని జీను మీద పెట్టి ఫొటో తీయండి, సీటు మధ్యలో, కత్తిరించడానికి వీల్లేని చోట. నా పాత వింటెక్ ఫొటో ఇప్పటికీ ఎవరో నాసిక్ పేరుతో అమ్ముతున్నారు, ఆ చీటీ పెట్టకపోవడం వల్లే.